చిన్న జనరేటరు: వోల్టేజి దోషపరీక్ష



మాది కూచిపూడి. పూర్వము మా యూరి భాగవతులు ఆడునపుడు రంగస్థలమున కిరువైపుల దివిటీలు పట్టుకొని మనుష్యులు నిలిచియుండెడివారు. ముఖ్యపాత్ర ప్రవేశించు సమయమున ఆ దివిటీలమీఁద గుగ్గిలపుపొడి చల్లెడివారు. అది భగ్గున మండి, వెలుఁగు ఒక్క క్షణము పదిరెట్లయి, పాత్ర ముఖము తళుక్కున మెఱసి, మఱల మామూలు వెలుఁగు వచ్చెడిది. ఆ కాలమున వెలుఁగు హెచ్చుట, తగ్గుట ఒక కళ. నేఁడు రంగస్థలముమీఁద విద్యుద్దీపము లున్నవి. కరెంటు పోయినపుడు జనరేటరు నడుచుచున్నది. ఇపుడు వెలుఁగు దానంతట అది హెచ్చినను తగ్గినను అది కళ కాదు, రోగము. ఆ రోగమును ఏ క్రమమున పరీక్షింపవలయునో చెప్పుటయే నేఁటి నా ప్రసంగవిషయము.

బడిలో శబ్దములు, సమాసములు చెప్పిన పంతులునకు జనరేటరుతో నేమి పని యని మీ రడుగవచ్చును. ఆ ప్రశ్నకు సమాధానముగా నా తప్పు నొకదానిని మీ ముందఱ పెట్టెదను.

కొన్ని సంవత్సరముల క్రిందట మా గ్రామమున నొక యుత్సవరాత్రి ఒక బాలిక భామాకలాపమున సత్యభామగా తొలిసారి ప్రవేశింపవలసి యుండెను. ప్రదర్శన మొదలగుటకు ముందే కరెంటు పోయినది. అద్దెకు దెచ్చిన 5 కె.వి.ఏ. జనరేటరును, దాని చప్పుడు పాటకు అడ్డు రాకుండుటకై, రంగస్థలమునకు 80 మీటర్ల దూరమున నొక చింతచెట్టు క్రింద నుంచిరి. అక్కడనుండి సన్నని తీగ లాగిరి. వేయేసి వాట్ల దీపములు నాలుగు, మైకు యంత్రము, అన్నియు ఆ తీగ చివరనే. దీపములు వెలిగినవి గాని మందముగా నున్నవి. నాకు మీటరు పట్టుట కొంత తెలియును. రంగస్థలమువద్ద కొలిచితిని. 230 ఉండవలసిన చోట 200 వోల్టులే యున్నవి. "రెగ్యులేటరు చెడినది" అని తీర్పు చెప్పితిని. చింతచెట్టు కడకు పోయి, రెగ్యులేటరు మీఁది చిన్న మరను స్క్రూడ్రైవరుతో త్రిప్పించితిని. రంగస్థలమువద్ద 230 వచ్చుదాఁక త్రిప్పించి, నా పాండిత్యమునకు నేనే సంతోషించితిని.

తెర పట్టిరి. సత్యభామ తన జడను తెరమీఁదికి వేయు ఘట్టము వచ్చినది. ఆ క్షణమున మసక వెలుఁగు కావలయునని నాలుగు పెద్ద దీపములను ఒక్కసారిగా ఆర్పిరి. వెంటనే మైకు యంత్రమునుండి గుఱ్ఱుమను ధ్వని, తరువాత పొగ. పాట ఆగినది. తెర వెనుక ఆ బాలిక జడ పట్టుకొని అట్లే నిలిచిపోయినది. పెద్దలు మైకు లేకయే గొంతెత్తి పాడి ఆ రాత్రి పరువు నిలిపిరి. కాని ఆ మైకు యంత్రము నొక పేదవాఁడు వాయిదాలమీఁద కొన్నాఁడు. పెండ్లిండ్లకు, జాతరలకు అద్దెకిచ్చి దానితోనే బ్రతుకుచున్నాఁడు. వాఁడు నన్నొక్క మాటయు ననలేదు. ఆ మౌనము నాకు నేఁటికిని జ్ఞాపకమున్నది. మరమ్మతు ఖర్చు నా పింఛనులోనుండి ఇచ్చితిని. కాని వాఁడు పోఁగొట్టుకొన్న పెండ్లిండ్ల దినముల అద్దె నేను తీర్పఁగలిగినది కాదు.

మఱునాఁ డుదయమున నావద్ద చదువుకొన్న యొక మెకానిక్కు వచ్చి చూచెను. వాఁడు మొదట అడిగిన మాట ఇది: "మాస్టారూ, రాత్రి మీటరు ఎక్కడ పెట్టి చూశారు?"

"స్టేజి దగ్గరేనోయ్."

"జనరేటరు దగ్గర చూడలేదా అండీ?"

చూడలేదు. ఆ ఒక్క ప్రశ్నతో నా తప్పంతయు బయటపడినది. మరను పూర్వస్థానమునకు త్రిప్పి, యంత్రమువద్ద కొలిచినపుడు సరిగా 230 వోల్టు లున్నవి. యంత్రము నిర్దోషము. దోషము తీగలో నున్నది. అది 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ. అట్టి తీగ కిలోమీటరునకు సుమారు 12 ఓములు నిరోధించును. పోవుటకు 80 మీటర్లు, వచ్చుటకు 80 మీటర్లు, మొత్తము 160 మీటర్లు. అనఁగా రమారమి 2 ఓములు. నాలుగు దీపములును కలిసి 16, 17 ఆంపియర్లు లాగుచుండఁగా త్రోవలోనే ముప్పదికిఁ బైగా వోల్టులు తఱిగిపోవుచున్నవి. చివర 230 కావలెనని నేను మొదట 264 చేసితిని. దీపము లాఱినంతనే తీగలో ప్రవాహము తగ్గి, తఱుగుదల మాయమై, ఆ 264 వోల్టులును మైకు యంత్రముమీఁద పడినవి.

కృష్ణాడెల్టావారికి దీనిని తెలియఁజెప్పుటకు యంత్రశాస్త్ర మక్కఱలేదు. రెగ్యులేటరను మాట మనకు జనరేటరుతో రాలేదు, కాలువతో వచ్చినది. విజయవాడవద్ద కృష్ణకు ఆనకట్ట 1855లో పూర్తియైనది. దాని స్థానమున ప్రకాశం బ్యారేజి 1957లో వచ్చినది. నాఁటినుండి నేఁటివఱకు శివారు రైతుల మొఱ యొక్కటే: "మాకు నీరందలేదు." నీరందకున్న రెగ్యులేటరు తలుపు లెత్తింపవలయునా? ముందుగా కాలువవెంట నడచి చూడవలయును. గుఱ్ఱపుడెక్క అడ్డుపడినదా, పూడిక పేరుకొన్నదా, గట్టు తెగినదా యని చూడవలయును. ఏమియు చూడక తలుపెత్తినచో ఎగువ పొలములు మునుఁగును. శివారువారు తూములు మూసిన రాత్రి గట్లు తెగును. నేను చేసినది సరిగా అట్టి పని.

ఇఁక యంత్రము సంగతి. తీగచుట్టల నడుమ అయస్కాంతము తిరిగినచో తీగలో విద్యుత్తు పుట్టునని ఫారడే 1831లో కనుఁగొనెను. ఎంత వోల్టేజి పుట్టునన్నది ముఖ్యముగా రెండింటిమీఁద ఆధారపడియుండును: ఎంత వేగముగా తిరుగుచున్నది, అయస్కాంతబల మెంత యున్నది. వేగమును కాపాడువాఁడు ఇంజనుమీఁది గవర్నరు. అయస్కాంతబలమును కాపాడువాఁడు రెగ్యులేటరు. దీనినే మెకానిక్కులు ఏ.వి.ఆర్. అందురు. తిరుగు చుట్టలోనికి కార్బను బ్రష్షుల ద్వారమున కొంచెము కరెంటు పంపి, వోల్టేజి తగ్గినపుడు ఆ కరెంటును పెంచుచు, హెచ్చినపుడు తగ్గించుచు నుండుట దాని పని. కొన్ని చిన్న యంత్రములలో బ్రష్షులును లేవు, ఏ.వి.ఆర్.ను లేదు, ఒక కెపాసిటరే ఆ పని చేయును. కనుక మొదట మీ యంత్ర మే జాతిదో తెలిసికొనవలయును.

అన్నంభట్టు తర్కసంగ్రహమును చదివినవారికి ఒక యుదాహరణము తెలిసియుండును. పొగ యున్నచోట నిప్పుండును, నిజమే. కాని నిప్పున్నచోట నెల్ల పొగ యుండునా? ఎఱ్ఱగా కాఁగిన యినుపగుండున నిప్పున్నది, పొగ లేదు. సాధింపవలసినది లేనిచోటను ఉండు హేతువు సవ్యభిచారము. అది దేనినిని సాధింపలేదు. "దీపము మందముగా నున్నది, కావున రెగ్యులేటరు చెడినది" అన్న నా వాదము సరిగా అట్టిది. రెగ్యులేటరు బాగుగా నున్నపుడును దీపము మందగించును. తీగ సన్ననైనను, ఇంజను మెల్లగా తిరిగినను, బ్రష్షు అరిగినను, బరువు హెచ్చినను మందగించును. తర్కము చదివితిని గాని ఆ రాత్రి దానిని ఇంటివద్ద మఱచి వచ్చితిని.

కావున పరీక్షకు అన్వయవ్యతిరేకములే సాధనములు. ఒకటి యున్నపుడు దోష ముండి, అది తీసివేసినపుడు దోషము పోయినచో, అదియే కారణము. ఒక్కొక్కసారి ఒక్కదానినే మార్చవలయును. క్రమము చెప్పుచున్నాను, వినుఁడు.

మొదటిది బరువు. జనరేటరునకు తగిలించిన దీపములు, మోటార్లు సమస్తమును విడఁదీసి, యంత్రమును వట్టిగా నడపి, దాని ప్లగ్గువద్దనే మీటరు పెట్టుఁడు. అక్కడ 230కి దగ్గఱగా నున్నచో సగము భయము తీఱినది. తరువాత ఒక్కొక్క బరువునే చేర్చుచు, యంత్రమువద్ద నొకసారి, తీగ చివర నొకసారి కొలువుఁడు. యంత్రమువద్ద నిలిచి చివర తగ్గినచో తీగదే దోషము. లావు తీగ వేయుఁడు, లేదా దూరము తగ్గింపుఁడు. అతుకు లేమైన వేఁడెక్కుచున్నవేమో చూడుఁడు. చూచుటకు ముందు యంత్రమును ఆపుఁడు. రెండుచోట్లను తగ్గినచో బరువు యంత్రపు శక్తికి మించినదేమో లెక్కింపుఁడు. నీళ్ల మోటారు నడచునపుడు లాగు కరెంటునకు అయిదాఱురెట్లు బయలుదేఱునపుడు లాగును. ఆ యొక్క క్షణము దీపములు క్రుంగి లేచినచో అది రోగము కాదు, యంత్రము చిన్నదను సూచన.

రెండవది వేగము. మన దేశమున విద్యుత్తు సెకనునకు 50 ఆవృత్తులు. రెండు ధ్రువముల యంత్రము నిమిషమునకు 3000 సార్లు, నాలుగు ధ్రువములది 1500 సార్లు తిరిగినపుడే 50 వచ్చును. నేఁటి మీటర్లలో పెక్కింటికి ఆవృత్తిని కొలుచు నేర్పు కలదు. వట్టిగా నడచునపుడు 52 దాపునను, నిండు బరువుమీఁద 50 దాపునను ఉన్నచో గవర్నరు బాగున్నట్లు. 47కో 46కో దిగిపోవుచున్నచో రెగ్యులేటరును ముట్టకుఁడు. గాలివడపోత మూసికొన్నదేమో, పెట్రోలులో నీరు చేఱినదేమో, కార్బురేటరులో జిగురు పట్టినదేమో, గవర్నరు స్ప్రింగు సాగినదేమో చూడుఁడు. ఇంజను రొద ఊఁగిసలాడుచు, దానితోపాటు వెలుఁగును ఊఁగుచున్నచో దోషము ఇంజనుది. రొద నిలకడగా నుండి వెలుఁగు మాత్రమే మిణుకుచున్నచో దోషము విద్యుద్భాగమున నున్నది. మీటరు లేనివాఁడును చెవితో చేయఁదగిన పరీక్ష ఇది. తాళము తప్పినదా, శ్రుతి తప్పినదా యని వేఱుచేసి వినుట మా యూరివారికి కొత్త కాదు.

మూఁడవది బ్రష్షులు. యంత్రము నాపి, వెనుకమూఁత విప్పి చూడుఁడు. బ్రష్షులు అరిగి పొట్టివైనవా, స్ప్రింగు బలహీనమైనదా, అవి రాచుకొను రాగిరింగులు నల్లబడినవా? మన డెల్టాలో తేమ హెచ్చు. సముద్రపుగాలి తగులు గ్రామములలో ఉప్పును చేఱును. వానకాలమంతయు మూలనున్న యంత్రమున రింగులకు చిలుము పట్టుట సహజము. సన్నని గరుకుకాగితముతో మెల్లగా రుద్ది, పొడిబట్టతో తుడిచినచో పెక్కుసారులు రోగ మక్కడనే కుదురును. పిమ్మట రెండు రింగుల నడుమ నిరోధమును కొలువుఁడు. సామాన్యముగా కొన్ని పదుల ఓము లుండును. అనంతమని చూపినచో చుట్ట తెగినది. సున్నకు దగ్గఱైనచో లోపల తీగలు కలిసిపోయినవి. ఆ రెండును ఇంటివైద్యమునకు లొంగవు.

నాలుగవది అవశిష్టాయస్కాంతత్వము. ఇది వినుటకు పెద్దమాట గాని సంగతి సులభము. యంత్రము ఆఁగియున్నపుడును దాని యినుములో రవ్వంత అయస్కాంతబలము మిగిలియుండును. బయలుదేఱునపుడు ఆ రవ్వంతనుండియే కొన్ని వోల్టులు పుట్టి, ఆ వోల్టులు చుట్టలోనికి పోయి బలము పెంచి, ఆ బలము మఱికొన్ని వోల్టులు పుట్టించి, చివరకు 230 వచ్చును. పొయ్యిలో దాఁచిన నిప్పుకణికతో ఉదయమున మంట చేసినట్లు. సీమెన్సు మొదలగువారు 1866, 1867 సంవత్సరములలో వెల్లడించిన సూత్ర మిది. నెలల తరబడి నడపని యంత్రమున ఆ కణిక చల్లారిపోవుటయు గలదు. అపుడు ఇంజను చక్కగా తిరుగును గాని వోల్టేజి రాదు.

దీనికి పరీక్షయు చికిత్సయు ఒక్కటే. తెలిసినవాఁడు ప్రక్క నుండఁగా చేయవలయును. బరువులన్నియు తీసి, ఏ.వి.ఆర్. నుండి బ్రష్షులకు వచ్చు తీగలను విడఁదీసి, ధన ఋణములు తారుమారు గాకుండ 12 వోల్టుల బ్యాటరీని ఆ బ్రష్షుల తీగలకు తాఁకించి, ఇంజను నడపి మీటరు చూడుఁడు. పదులకొలది వోల్టులు లేచినచో చుట్టలు, బ్రష్షులు బాగున్నవి. బ్యాటరీ తీసి, ఏ.వి.ఆర్.ను మఱల కలిపినపుడు తనంతట లేచినచో, కణిక మాత్రమే ఆఱినది, ఇపుడంటుకొన్నది. అపుడును లేవనిచో దోషము ఏ.వి.ఆర్.లోనో, దానికి వచ్చు తీగలలోనో యున్నది. ఏ.వి.ఆర్.ను కలిపియుంచి బ్యాటరీ తాఁకించినచో బాగున్నదియు కాలును. జాగ్రత్త.

అయిదవది, కడపటిది, రెగ్యులేటరు. నాలుగును సరిగా నున్నవని కొలిచి తెలిసికొన్న తరువాతనే దీనికడకు రావలయును. అపుడును మొదట తీగల కొనలు బిగువుగా నున్నవో లేదో చూడవలయును. వోల్టేజిని పసికట్టు తీగ ఊడినచో రెగ్యులేటరు కన్నులు గట్టుకొన్న లస్కరు వంటిది. కాలువలో నీరు లేదనుకొని తలుపు లన్నియు ఎత్తివేయును. వోల్టేజి 270, 280 దాటిపోవును. లోపలి భాగము కాలి మూసికొన్నను అట్లే యగును. తక్కువ వోల్టేజి ఓపికగా పరీక్షింపఁదగిన రోగము. ఎక్కువ వోల్టేజి కనఁబడినచో పరీక్ష తరువాత. ముందు బరువు తీయుఁడు, యంత్ర మాపుఁడు. బ్రష్షులు లేని జాతిలో కెపాసిటరు బలహీనపడిన వోల్టేజి తగ్గును. దానిమీఁద అచ్చైన మైక్రోఫారడ్లు, వోల్టులు చూచి సరిగా అట్టిదానినే వేయవలయును. యంత్ర మాఁగిన పిమ్మటను దానిలో విద్యుత్తు నిలిచియుండును. విడుదల చేయక చేయి పెట్టరాదు.

మూఁడు ఫేజుల యంత్రములు గలవారికి ఒక్కమాట. కొన్ని దీపములు మండిపోవునంత వెలిగి, కొన్ని మినుకుమినుకు మనుచున్నచో అది రెగ్యులేటరు దోషము కానేరదు. రెగ్యులేటరు చెడినచో అన్నియు నొక్కరీతిగనే హెచ్చును, తగ్గును. న్యూట్రలు తీగ ఊడినపుడే యిట్టి పక్షపాతము కలుగును. వెంటనే యాపి ఆ తీగను చూడుఁడు.

ఇంతవఱకు వస్తువుల సంగతి చెప్పితిని. ప్రాణముల సంగతి చెప్పక ముగింపరాదు. 1977 నవంబరు 19 నాఁటి దివిసీమ యుప్పెన, 1990 మే తుపాను, 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేరు వఱద మనవారు మఱచినవి కావు. అట్టి దినములలో కరెంటు లేక జనరేటర్లు ఇండ్లలోనికి వచ్చును. చీఁకటిలో, తొందరలో దానిని గోడ ప్లగ్గునకు ఎదురుగా తగిలించుట కొందఱు చేయు పని. ఛేంజోవరు స్విచ్చి లేక అట్లు చేసినచో మీ 230 వోల్టులు వీధి ట్రాన్సుఫార్మరులోనికి ఎదురెక్కి, అవతల 11,000 వోల్టులై లేవఁగలవు. అక్కడ స్తంభముమీఁద తీగ చచ్చినదనుకొని పట్టుకొనువాఁడు మీకు వెలుఁగు తెచ్చుటకే వచ్చిన లైనుమాను. అంతేకాక కరెంటు తిరిగివచ్చిన క్షణమున మీ జనరేటరు చుట్టలును, రెగ్యులేటరును కాలును. మఱియొకటి: తలుపులు మూసిన గదిలో, వరండాలో జనరేటరు నడపరాదు. దాని పొగలోని కార్బను మోనాక్సైడునకు రంగు లేదు, వాసన లేదు. నిద్రించువారు నిద్రలోనే పోవుదురు.

రోగము రాకుండుటకు మార్గము సులభము. నెల కొకసారి, పని లేకున్నను, సగము బరువుతో యంత్రమును కొంతసేపు నడపుఁడు. అయస్కాంతపు కణిక ఆఱదు, రింగులు మెఱయును, పెట్రోలు జిగురు కట్టదు. గాలి రంధ్రములలో కందిరీగలు మట్టి పెట్టినవేమో చూడుఁడు. ఒక చిన్న పుస్తకమున తేదీ, వట్టి వోల్టేజి, బరువుమీఁది వోల్టేజి, ఆవృత్తి వ్రాసియుంచుఁడు. ఆరోగ్యదినమున నాడి తెలిసియున్నఁగదా రోగదినమున తేడా తెలియుట!

ఆ మైకు యంత్రపు యజమాని నేఁటికిని మా యుత్సవములకు వచ్చుచున్నాఁడు. జనరేటరు నడచు రాత్రులయందు ప్రదర్శనకు ముందు నేను మీటరు పట్టుకొని మొదట చెట్టుక్రిందికి, పిమ్మట రంగస్థలమునకు పోయి, పెద్ద దీపము లొకసారి ఆర్పించి, ఒకసారి వెలిగించి చూచెదను. రెండు అంకెలును చదివి వినిపించిన తరువాతనే వాఁడు తన ప్లగ్గు పెట్టును. నన్ను నమ్మక కాదు, కొలుచుట నేర్చుకొన్నాఁడు. నేనును అంతకంటె గొప్ప విద్య నేర్చుకొనలేదు. రెండుచోట్ల కొలువక మరను త్రిప్పరాదు. ఈ యొక్కమాట జ్ఞాపకముంచుకొన్నచో నా ప్రసంగము సఫలము.